జాలీ తీసిన చెయ్యి

చెరువు గట్టున పంపుగదిలో పద్దెనిమిదేళ్లుగా కూర్చున్న ఆ మనిషిని అందరూ జల్లెడ అనేవారు. నీళ్లలో నలుసు కనబడితే చాలు, ఫిల్టరు విప్పి, లోపలి జాలీని పళ్లు తోమే బ్రష్షుతో తోముతాడు గనక ఆ పేరు. మనుషుల్ని కూడా అలాగే వడగట్టేవాడు. వడగట్టగా మిగిలినవాడు తనొక్కడే.

అతని లెక్కలో రైతులంతా వాన కోసం నోరు తెరుచుకుని చూసే రకం. కరెంటు పనివాడు నిచ్చెన మోసే బద్ధకస్తుడు. ఇంజినీరు అంటే మట్టి అంటని తెల్లచొక్కా, అంతే. చెరువు సంగతి తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నమ్మేవాడు. చెరువు మటుకు ఆ నమ్మకంలో తప్పు లేదు. పైన పచ్చటి నాచు, అడుగున మోకాలి లోతు నల్లబురద. పైనుంచి బారెడు కింద మాత్రం తేటనీళ్లు. అందుకే పైపు చివర నీళ్లు పీల్చే ఫుట్‌వాల్వుని ఒక ఖాళీ నీలం డ్రమ్ముకి తాడుతో వేలాడదీశాడు. చెరువు నిండితే డ్రమ్ము లేస్తుంది, తగ్గితే దిగుతుంది. పైపు మాత్రం ఎప్పుడూ ఆ బారెడు కిందే తాగుతుంది. గట్టు కింది అరవై పొలాలకీ ఆ నీళ్లే సన్న పైపుల్లో పోయి, డ్రిప్పర్లలోంచి చుక్కచుక్కగా మొక్కల మొదట్లో పడతాయి.

ఆ ఏడు నీటి సంఘానికి అతని బామ్మర్ది అధ్యక్షుడయ్యాడు. పదవి వచ్చిన వారానికే నలుగురిని వెంటేసుకుని గట్టెక్కి, డ్రమ్ముని చూసి నవ్వాడు.

“ఏంటి బావా, చెరువు మధ్యలో ఈ చెత్తకుండీ?”

“అది లేకపోతే పైపు బురద తాగుతుందిరా.”

“లోతుకి పోయేకొద్దీ నీళ్లు చల్లగా, తేటగా ఉంటాయి. బావిలో చూళ్లేదా?”

“బావి వేరు, చెరువు వేరు.”

“ఏదో ఒకటి తేలుతూ కనబడకపోతే నీకు తోచదులే బావా.”

నలుగురూ పగలబడి నవ్వారు. జల్లెడ మొహం గంటు పెట్టుకున్నాడు. ఇంకొక్క మాట విడమరిచి చెప్పుంటే బామ్మర్ది వినేవాడేమో. చెప్పలేదు. డ్రమ్ము ఒడ్డుకెక్కింది. ఫుట్‌వాల్వుకి బండరాయి కట్టి నట్టనడుమ లోతులోకి జారవిడిచారు. జల్లెడ స్టూలు మీద కాలు మీద కాలేసుకుని చూశాడు. నాలుగు రోజులాగితే వీళ్లే వచ్చి గడ్డం పట్టుకుని బతిమాలతారనుకున్నాడు. ఆ ఊహ ఎంత రుచించిందంటే, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

వడ్డిస్తున్న భార్యకి తిండి మీద ధ్యాస లేదు. మొగుడితో నెల్లాళ్లు పోట్లాడి, తమ అరెకరంలో మొదటిసారి పుచ్చ పెట్టించింది. తీగలు పిందె పట్టే సమయం. ఈ పది రోజులు తడి తప్పితే పిందెలు రాలిపోతాయి.

“తమ్ముడు డ్రమ్ము తీయించాడటగా. మన నీళ్లకేం కాదుగా?”

“మీ తమ్ముడు చదువుకున్నవాడు. వాణ్నే అడుగు.”

“నేనడిగింది నిన్ను.”

“పంపు పక్కన మొదటి పొలం వాడిదేగా. దెబ్బ తగిలితే ముందు వాడికే తగులుతుంది.”

రెండోరోజుకి ఫిల్టరు మూసుకుపోవడం మొదలెట్టింది. ఉదయం, సాయంత్రం కడిగితే చాలేది కాస్తా అరగంటకోసారి కడగాల్సి వచ్చింది. కడిగినప్పుడల్లా మోటారు ఆపాలి. ఆపినప్పుడల్లా ఎవరో ఒకరు ఫోను చేసి తిట్టేవారు. మూడోరోజు బామ్మర్ది ఊడిపడ్డాడు.

“ఇలా ఆపుకుంటూ కూర్చుంటే ఎవరికీ పారదు బావా. ఆ జాలీ తీసేయ్.”

ఆ మాట ఇంకెప్పుడు ఎవడు అన్నా, రెంచీ పుచ్చుకుని తరిమేవాడు. ఇప్పుడు మాత్రం “అధ్యక్షులవారు ఎలా చెబితే అలాగే” అంటూ బోల్టులు విప్పాడు. జాలీ తీసి, కడిగి మరీ మూలన నిలబెట్టాడు. మోటారు వేశాడు. నల్లటి నీళ్లు అడ్డూ ఆపూ లేకుండా పరుగెత్తాయి. చేతులు తుడుచుకుంటూ లోలోపల నవ్వుకున్నాడు.

ఇంత తెలిసిన మహానుభావుడికి తెలియనిది ఒకటుంది. పంపు దగ్గర నీళ్లు ఉరుకుతాయి, ఉరికే నీళ్లలో బురద ఆగదు. చివరికి పోయేకొద్దీ ఉరుకు తగ్గుతుంది, బురద అక్కడ దిగుతుంది. ఆ చివరి పొలం అతని భార్యది. ఇన్నేళ్లలో అతను పైపు వెంట అంతదూరం నడిచింది లేదు. పొలం ఆవిడ పని, పంపు తన పని. అదీ అతని పెద్దరికం.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ పంపుగదికొచ్చి, గుప్పెడు డ్రిప్పర్లు బల్ల మీద పోసింది. ఒక్కొక్కదాని రంధ్రం నిండా గట్టిపడిన నల్లబురద.

“తమ్ముడి పొలం తడిగానే ఉంది. మనదాంట్లోనే చుక్క పడట్లేదు.”

“ఇలా అవుతుందని నేను మొదటిరోజే అనుకున్నా” అన్నాడు జల్లెడ, కాస్త గర్వంగానే.

ఆవిడ మూలనున్న జాలీ వైపు చూసింది.

“ఇది ఎవరు తీశారు?”

“నేనే. వాడు తీయమన్నాడు.”

“వాడు తెలియక తీయమన్నాడు. నువ్వు తెలిసి తీశావు.”

జల్లెడ లేచి మోటారు ఆపాడు. ఎవరూ గడ్డం పట్టుకోలేదు, బతిమాలలేదు. తనంతట తానే జాలీ బిగించి, పీకల్లోతు నీళ్లలోకి దిగి, బండరాయి విప్పి, డ్రమ్ము కట్టాడు.

తెల్లారేసరికి పుచ్చ సాళ్లలో గొంతుక్కూర్చున్నాడు. డ్రిప్పరు ఊడదీయడం, నోట్లో పెట్టి ఊదడం, బురద ఉమ్మేయడం, మళ్లీ గుచ్చడం. అప్పటికే సగం తీగలకి పిందెలు పసుపెక్కి రాలిపోయాయి. మిగతా సగం ఆ పూట తడి అందితే నిలబడతాయి.

దారిన పోతూ బామ్మర్ది ఆగాడు.

“బావా, నువ్వన్నదే నిజం. సంఘంలో అందరి ముందూ చెబుతాను.”

ఈ మాట కోసమే అతను ఇంత చేసింది. బురద మూతితో తలెత్తి, జవాబు చెప్పబోయాడు.

“వాడితో తర్వాత మాట్లాడుదువుగానీ” అంది భార్య పక్క సాలులోంచి, తల తిప్పకుండానే. “ఎండెక్కుతోంది. నీ సాలులో ఇంకా నలభై ఉన్నాయి. ఊదు.”