మంచం పక్కన పాలపొడి ఫ్యాక్టరీ

నేను చేరిన కొత్తలో ఆ ఆఫీసులో నా హోదా సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. చేసే పనిలో సగం మాత్రం బరువులు మోయడం.

మాది ఫ్యాక్టరీలకు డిజైన్లు చేసే కంపెనీ. హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం, అందులో ఆరో అంతస్తు. ఎక్కడో ఒక పాలపొడి ఫ్యాక్టరీయో, సబ్బుల ఫ్యాక్టరీయో కట్టబోతున్నారంటే, దాని ట్యాంకులు, పైపులు, మెట్లు, వాల్వులు అన్నీ ముందు మా దగ్గర కంప్యూటర్‌లో కట్టి చూసేవాళ్ళు. అలా కట్టిన ఫ్యాక్టరీని నాలుగు వైపులా తిప్పి చూడాలంటే మామూలు కంప్యూటర్లు చాలవు. లోపల పెద్ద గ్రాఫిక్స్ కార్డు, దాన్ని చల్లబరచడానికి ఫ్యాన్లు, వీటన్నిటినీ పట్టే ఇనుప డబ్బా. ఎవరిదైనా సీటు మారిందంటే ఆ డబ్బాను అటెండరూ నేనూ చెరో వైపు పట్టుకుని నడిచేవాళ్ళం. ఎండాకాలం మధ్యాహ్నం అన్ని డబ్బాలూ ఒకేసారి పనిచేస్తుంటే హాలు పిండిమరలా హోరెత్తేది. ఏసీలు పదహారు మీద పెట్టినా డిజైనర్ల కాళ్ళకు సెగ తగిలేది.

పైపుల విభాగంలో ఒక పెద్దాయన ఉండేవారు. బోరబండలో సొంత ఇల్లు, పుట్టి పెరిగిందీ అక్కడే. డ్రాయింగ్ బోర్డు మీద పెన్సిల్ పట్టి మొదలుపెట్టిన మనిషి. పదిమంది కుర్రాళ్ళు గంటసేపు వెతికే తప్పును ఆయన నిలబడి టీ తాగుతూ చూపించేవారు. నన్ను మొదటి రోజు నుంచీ ‘బిడ్డా’ అనేవారు. మాది అనంతపురం వైపు. మూసాపేటలో గది తీసుకుని ఒంటరిగా ఉంటున్న రోజులవి. ఆ ఒక్క పిలుపుకే నేను ఆయన డబ్బాలో దుమ్ము అందరికంటే ముందు దులిపేదాన్ని.

కరోనా తగ్గి అందరూ ఆఫీసుకు తిరిగి వచ్చిన కొన్నాళ్ళకు ఆయన భార్యకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్ అన్నారు. చందానగర్‌లో ఒక చిన్న దవాఖానలో మంచం దొరికింది. పొద్దున్నే బోరబండ స్టేషన్‌లో లోకల్ రైలెక్కి ఆమెను తీసుకెళ్ళడం, నాలుగు గంటలు పక్కన కూర్చోవడం, మళ్ళీ ఇంటికి తీసుకురావడం. ఒక్కగానొక్క కూతురు బెంగళూరులో ఉద్యోగం. రెండు నెలల్లో ఆయన సెలవులన్నీ అయిపోయాయి.

మా మేనేజరు గోదావరి జిల్లాల మనిషి, చెడ్డవాడు కాదు. నా ఎదుటే ఆయనతో అన్నాడు: “ఇంటి నుంచి చేయండి అని చెప్పాలనే ఉందండి. కానీ డ్రాయింగులు ఆఫీసు గడప దాటకూడదని క్లయింటు రాయించుకున్నాడండి. దాటినా మీ లాప్‌టాప్‌లో ఆ ఫైలు తెరుచుకోదు కదండీ.”

రెండూ నిజాలే. పెద్దాయన తల ఊపి సీటు దగ్గరికి వెళ్ళిపోయారు. సాయంత్రం నేను కీబోర్డు మార్చడానికి వెళితే తెర మీద రాజీనామా ఉత్తరం సగం రాసి ఉంది.

ఆ నెలలోనే మా కంపెనీ కొత్త పద్ధతిని పరీక్షించడం మొదలుపెట్టింది. డబ్బాలన్నీ తీసేస్తారు. గ్రాఫిక్స్ కార్డులన్నీ ఎక్కడో ఒక డేటా సెంటర్‌లో ఉంటాయి. సాఫ్ట్‌వేర్ అక్కడే నడుస్తుంది, ఫైళ్ళు అక్కడే ఉంటాయి. మన తెర మీదికి వచ్చేది బొమ్మ మాత్రమే. మనం మౌస్ కదిపితే ఆ కదలిక తీగల్లో పోయి, అక్కడ బొమ్మ మారి, మారిన బొమ్మ తిరిగి వస్తుంది. వర్చువల్ డెస్క్‌టాప్ అంటారు. దాన్ని నిలబెట్టే బాధ్యత నాకిచ్చారు.

చెప్పొద్దూ, నేను నమ్మలేదు. ఉత్తరాలు రాసుకోవడానికైతే సరే. లక్ష ముక్కలున్న ఫ్యాక్టరీని వేలి కొసతో గిరగిరా తిప్పేవాళ్ళకు ఇది చాలుతుందా?

మొదటి పరీక్షకు పెద్దాయన్నే కూర్చోబెట్టాను. ఆయన ఒక పైపు పట్టుకుని కుడివైపుకు జరిపి వదిలారు. పైపు ఇంకాస్త దూరం పోయి ఆగింది. మళ్ళీ జరిపారు. మళ్ళీ అంతే.

“గిదేంది బిడ్డా? నేను ఒక్క తాన ఆపితే ఇది ఇంకో తాన ఆగుతున్నది. మందు తాగినోని చెయ్యి పట్టుకొని రాపిచ్చినట్టున్నది.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు ముఖం చెల్లలేదు. కారణం వెతికితే తేలింది: మాకు ఇచ్చిన యంత్రాలు వేరే దేశంలో ఉన్నాయి. చెయ్యి ఇక్కడ, బొమ్మ సముద్రానికి అవతల. సెకనులో చిన్న ముక్కే ఆలస్యం, కానీ ముప్పై ఏళ్ళు గీసిన చేతికి ఆ ముక్క తెలిసిపోయింది. మూడు వారాలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, ఈ ఊరి శివార్లలోనే ఉన్న డేటా సెంటర్‌కు మార్పించాను.

రెండోసారి ఆయన అదే పైపు పట్టుకున్నారు. జరిపారు, ఆపారు. అది ఆగింది. ఫ్యాక్టరీ మొత్తాన్ని ఒక చుట్టు తిప్పారు. ట్యాంకులు, మెట్లు, వందల పైపులు ఎక్కడా తడబడకుండా తిరిగాయి. టేబుల్ కింద డబ్బా లేదు. అరచేతిలో ఇమిడే చిన్న పెట్టె ఒకటి, చప్పుడు లేకుండా కూర్చుంది. ఆయన వంగి టేబుల్ కిందకు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

“ఏడున్నది బిడ్డా ఇది?”

“ఊరి బయట సార్. ఇరవై ముప్పై కిలోమీటర్ల దూరం.”

ఆయన ఫ్యాక్టరీని ఇంకో చుట్టు తిప్పి చూశారు. యంత్రాల మధ్యే బతికినదాన్ని, అది ఎలా పనిచేస్తుందో గీసి చెప్పగలదాన్ని, అయినా నేనూ వంగి టేబుల్ కిందకు ఇంకోసారి చూశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫైలు ఆఫీసులో లేదు, లాప్‌టాప్‌లోకీ రాదు. బయటికి వచ్చేది బొమ్మ ఒక్కటే. అంటే మేనేజరు చెప్పిన రెండు అడ్డంకులూ లేనట్టే. పొద్దున్నే వెళ్ళి మేనేజరుకు అదే చెప్పాను. ఆయన క్లయింటుతో మాట్లాడాడు. వారం తర్వాత, కాపీ చేయడం, ప్రింటు తీయడం అన్నీ మూసేసి, ఒక్క పెద్దాయనకు మాత్రం అనుమతి వచ్చింది. అప్పటికి రాజీనామా ఉత్తరం ఇంకా సగంలోనే ఉంది.

మొదటి రోజు నేనూ దవాఖానకు వెళ్ళాను. ఎనిమిది మంచాల గది. ప్రతి మంచం పక్కనా నిలువెత్తు యంత్రం, గొట్టాల్లో రక్తం తిరుగుతూ ఉంది. ఆయన భార్య, నాకు ఆ రోజు నుంచీ అక్క, కిటికీ పక్క మంచం మీద ఉంది. సన్నటి, పొట్టి మనిషి. ఒక చేతికి సూదులు గుచ్చి ఉన్నాయి కాబట్టి దాన్ని కదపకూడదు. నన్ను చూసి రెండో చేత్తో స్టూలు చూపించింది.

“కూసో బిడ్డా. మా ఆయన నీ ముచ్చటే చెప్తడు రోజు.”

పెద్దాయన తన కూతురు వదిలేసిన పాత లాప్‌టాప్ తెచ్చారు. ఒక మడతబందు ఊడిపోతే దానికి రబ్బరు బ్యాండు వేశారు. మంచం మీద భోజనానికి పెట్టే బల్ల మీద దాన్ని పెట్టి, దవాఖాన వైఫైకి కలిపి, తలుపు తెరిచినట్టు డెస్క్‌టాప్ తెరిచాను. పాలపొడి ఫ్యాక్టరీ ప్రత్యక్షమైంది. ఆయన దాన్ని నెమ్మదిగా తిప్పారు.

అక్క తల పక్కకు తిప్పి చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

“ఇదేనా నువ్వు చేసే పని?”

“ఇదే.”

“ముప్పై ఏండ్లసంది?”

“అవు.”

“పైపులు గీస్తనంటే బోరింగు పైపులు అనుకున్న. గింత పెద్ద ఊరు కడ్తున్నవని ఎన్నడు చెప్పకపోతివి గదనయ్యా.”

ఆఫీసుకు కుటుంబాలను రానివ్వరు, డబ్బాలు ఇంటికి రావు. ముప్పై ఏళ్ళుగా తాను కట్టినవాటిలో ఒక్కటీ ఆమెకు చూపించే వీలే కలగలేదన్న సంగతి ఆ క్షణంలోనే ఆయనకు తట్టినట్టుంది. అప్పుడాయన ఆమెను లోపలికి తీసుకెళ్ళారు, అంటే తెర మీదే. పాలు దిగే చోటు, కాచే చోటు, గాలిలో చల్లి పొడి చేసే గోపురం, మెట్లెక్కి పైకి, వంతెన మీదుగా అటు. పక్క మంచం మీదాయన కూడా మెడ సాచాడు. సిస్టరు మందుల ట్రే పట్టుకుని నిలబడిపోయింది. నాలుగు గంటలు పైకప్పు చూస్తూ గడిపే మనుషులు వాళ్ళు. ఆ పూట అందరూ ఫ్యాక్టరీలో తిరిగారు.

ఉన్నట్టుండి తెర నల్లబడింది.

కరెంటు రెప్పపాటు పోయి వచ్చింది. డయాలసిస్ యంత్రాలు బ్యాటరీ మీద ఆగకుండా నడిచాయి. వైఫై పెట్టె ఆరిపోయింది, బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిన లాప్‌టాప్ కూడా. మాకు ఫ్యాక్టరీ తిప్పి చూపిస్తూనే పెద్దాయన మధ్యలో ఒక పైపు కలపడం మొదలుపెట్టారు. అది సగంలో ఉంది.

“పోయిందా? పొద్దుగాల్నుంచి చేసింది మొత్తం పోయిందా?”

“జర ఆగండి సార్. అది ఈ లాప్‌టాప్‌లో లేదు. పోయింది దాన్ని చూసే కిటికీ మాత్రమే.”

ధైర్యంగానే అన్నాను, నాకూ పూర్తి నమ్మకం లేకపోయినా. లాప్‌టాప్ మెల్లగా లేచింది. వైఫై దొరికింది. పాస్‌వర్డ్ కొట్టాను. ఫ్యాక్టరీ తిరిగి వచ్చింది. మేము నిలబడిన వంతెన మీదే ఉన్నాం. సగం కలిపిన పైపు బాణం గుర్తుకు వేలాడుతూ, ఆయన చెయ్యి కోసం ఎదురుచూస్తోంది. ఆయన వేలు కదిపి దాన్ని కలిపారు. మేము లేనంతసేపూ ఆ ఫ్యాక్టరీ ఎవరూ చూడకుండానే అక్కడ నిలబడి ఉంది. ఇప్పటికీ తలచుకుంటే ఆశ్చర్యం తగ్గదు.

అప్పుడే అక్క ఖాళీ చేత్తో తెర మీద ఒక చోటు చూపించింది. ట్యాంకు పక్కన ఎర్ర చక్రం, వాల్వు.

“గా చక్రం తిప్పేది ఎవరు?”

“అక్కడ పనిచేసేటోళ్ళు.”

“ఆడోళ్ళు చేస్తరా ఆడ?”

“కడుగుడు పనంతా ఆడోళ్ళే చేస్తరు.”

“నా అసొంటిది ఎట్ల అందుకుంటది మరి? నిచ్చెన ఎక్కాల్నా?”

“ఫికర్ చెయ్యకు, అది కొలతల ప్రకారమే పెట్టినం” అని ఆయన ముందు కొట్టిపారేశారు. రెండు నిమిషాలు గడిచాక, అలా కొట్టిపారేసినందుకేమో, ఆయన ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉండే మనిషి బొమ్మను తెచ్చి వాల్వు దగ్గర నిలబెట్టారు. దాదాపు ఆరడుగుల మగమనిషి. చెయ్యి సులువుగా అందింది. ఆయన ఆగి, ఎత్తు రాసే గడిలోకి వెళ్ళి భార్య వైపు తిరిగారు.

“నీ ఎత్తెంత?”

“నాకేం ఎర్క? నువ్వే జూస్తున్నవ్ గద ఇన్నేండ్లసంది.”

సిస్టరు నవ్వి కేసు షీటు చూసి చెప్పింది: నాలుగడుగుల పది అంగుళాలు. ఆయన ఆ అంకె కొట్టారు. బొమ్మ కుంచించుకుపోయింది. చెయ్యి పూర్తిగా చాచి, మునివేళ్ళ మీద నిలబడ్డా, వేళ్ళు చక్రం అంచుకే తగిలాయి. తిప్పడానికి పట్టు దొరకదు. ఆయన ఆ చిన్న బొమ్మను వరుసగా ఒక్కో వాల్వు దగ్గరికీ నడిపించారు. మూడు చోట్ల అందలేదు.

“ఇన్ని ఫ్యాక్టరీలు జేసిన. ఎన్నడు ఈ మనిషిని పొట్టిగ జేసి చూడలే” అన్నారు మెల్లగా. నాతో కాదు, ఆమెతో.

మర్నాడు ఆయన మేనేజరుకు చెబితే, మేనేజరు క్లయింటుకు చెప్పాడు. వాళ్ళు తమ ఫ్యాక్టరీల్లో కడిగే షిఫ్టు ఆడవాళ్ళను అడిగి చూసి, నిజమేనన్నారు. రెండు వాల్వులు కిందికి దించారు, మూడోదాని దగ్గర ఒక మెట్టు కట్టారు. అప్పటి నుంచి మా ఆఫీసులో ప్రతి డిజైన్‌నూ పొట్టి బొమ్మతో కూడా ఒకసారి నడిపించాలన్నది నియమమైంది. ఎవరు చెప్పారో కొత్తవాళ్ళకు తెలియదు.

పెద్దాయన ఇంకో రెండేళ్ళు పనిచేశారు. వారంలో మూడు రోజులు ఆ మంచం పక్కనుంచి, మిగతా రోజులు ఆఫీసు నుంచి. ఈలోగా మా హాల్లో డబ్బాలన్నీ పోయాయి. హోరు లేదు, సెగ లేదు. క్లయింట్లు అనుమతి ఇవ్వడంతో ప్రసవానికి వెళ్ళిన అమ్మాయి కొన్నాళ్ళు ఇంటి నుంచి పనిచేసింది. కాలు విరిగినతను మంచం మీద నుంచి చేశాడు. నన్ను మెచ్చుకుంటూ ఒక కాగితం ఇచ్చారు. ఆ దవాఖాన గదిలో చూసిన ముఖాల ముందు నాకు ఆ కాగితం పెద్దగా అనిపించలేదు.

ఆయన రిటైరైన మర్నాడు ఆయన డెస్క్‌టాప్‌ను తీసేయాల్సింది నేనే. వెనకటికైతే డబ్బా విప్పి, తుడిచి, స్టోర్‌రూమ్‌కు మోసేవాళ్ళం. ఇప్పుడు మోయడానికి ఏమీ లేదు. జాబితాలో ఒక వరుస, దాని పక్కన ‘తొలగించాలా?’ అనే ప్రశ్న. డ్రాయింగులన్నీ క్షేమంగా ఉన్నాయని రెండుసార్లు చూసుకుని, నొక్కే ముందు ఆయనకు ఫోన్ చేశాను. వెనక రైలు చప్పుడు వినిపిస్తోంది.

“సార్, మీ డెస్క్‌టాప్ తీసేస్తున్నా.”

“తియ్ బిడ్డా. మేం చందానగర్ పోతున్నం. ఇయ్యాల నాకేం పని లేదు, ఉత్తగ కూసుంటే దిక్కు తోస్తలేదు.”

ఫోన్ అక్క అందుకుంది. “ఆయన పని ముచ్చట ఇడిసిపెట్టు గని, ఆదివారం మా ఇంటికి అన్నానికి రా. మటన్ వండుత. నేనైతే జరంతే తినాలె గని, నువ్వు కడుపునిండ తిను.”

వస్తానన్నాను. నొక్కేశాను. ఆదివారం వెళ్ళాను.