ఫైదా కొన్న ఎత్తు మంచం

జాంజిబారులో మా అవతలిగట్టు పేటవాళ్లకి ఫైదా అంటే జడలల్లే ఫైదాయే. వాగు దాటితే రాతిమేడలు, ఆ మేడల్లో పెళ్లికూతుళ్ల తలలన్నీ ఆమె చేతుల్లోంచి పోయినవే. గోరింటాకులో కూడా ఆమె తర్వాతే ఎవరైనా. ఆ పేరు మాత్రం తల్లి పెట్టింది కాదు. ఏడేళ్ల పిల్లను కొన్న రోజున, బేరం కలిసొచ్చిందని మురిసిపోయి ఆమె యజమానురాలు బీబీ షంసా తండ్రి పెట్టిన పేరు. లాభమని దాని అర్థం. మనిషికి పెట్టాల్సిన పేరేనా అది? సుల్తాను ఫర్మానాతో బానిసతనం రద్దయి పదిహేనేళ్లయినా ఆమె దాన్ని మార్చుకోలేదు. మార్చుకోవే అని ఎవరైనా అంటే, "ఉండనీ, ఎవరికి లాభమో ఇక మీదట చూద్దురు గాని" అనేది.

విడుదలైన ఏడాదే గొడుగు కొంది. మరుసటేడు పాంకోళ్లు కొంది. ఆ రెండూ ఆమెలాంటివాళ్లకి అంతకుముందు నిషిద్ధం. ఎండ లేకపోయినా గొడుగు వేసుకుని, బురదైనా పాంకోళ్లు టకటకలాడిస్తూ వాగు వంతెన దాటేది. తర్వాత కొబ్బరాకుల కప్పు, మట్టిగోడలతో రెండు గదుల ఇల్లు లేపింది. ఇక మిగిలింది మంచం.

కూతురు జుహూరాకి పెళ్లి కుదిరింది. పడవలు చేసే ఇంటి కుర్రాడు, మంచివాడు. మా దగ్గర పెళ్లికూతురు ఎత్తు మంచం మీద కూర్చోవాలి, ఆడవాళ్లంతా వచ్చి చూడాలి. నగిషీ కోళ్లు, అద్దాల తలాపి ఉండి, పీట వేసుకుంటే తప్ప ఎక్కలేని మంచమది. లేనివాళ్లు పాత యజమానుల ఇంటినుంచి అరువు తెచ్చుకుంటారు. అరువంటే మంచం ఒక్కటే రాదు. దానితోపాటు యజమానురాలు వచ్చి తలాపి దగ్గర కూర్చుంటుంది, కన్నతల్లి కింద చాప మీద కూర్చుంటుంది. చూడవచ్చిన వాళ్లందరికీ "మా ఇంట పుట్టిన పిల్ల" అని చెప్పుకుంటారు. ఆ మాట పడ్డాక పిల్ల చచ్చేదాకా ఆ ఇంటి పిల్లే, దాని పిల్లలూ ఆ ఇంటి పిల్లలే. ఫర్మానా ఎక్కడో కాగితం మీద ఉంటుంది.

కబురు అడక్కుండానే వచ్చింది. బీబీ షంసా దగ్గర పనిచేసే ముసలి జాఫరాని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మంచం పంపిస్తామన్నారే బీబీగారు. ఏ మంచమో తెలుసుగా?"

తెలియకేం. తొమ్మిదేళ్లు ఆ మంచం కిందే పడుకుంది ఫైదా. పైన బీబీ, కింద చాప మీద తను. రాత్రి మంచినీళ్లు కావాలంటే పైనుంచి కాలు కిందికి దిగి భుజాన్ని తట్టేది. ఆ మంచానికి ఎన్ని తాళ్లున్నాయో, ఏ కోడు దగ్గర బీట ఉందో ఆమెకి తెలిసినట్టు దానిమీద పడుకున్నవాళ్లకి తెలియదు.

"వద్దని చెప్పు జాఫరానక్కా. నేను కొంటున్నా."

జాఫరాని బుగ్గ నొక్కుకుంది. "నువ్వు? ఎత్తు మంచం? పడుకోడానికా, ఎక్కి కొబ్బరికాయలు కోయడానికా?"

"నీ ఒళ్లో పడేట్టు కోస్తాలే" అంది ఫైదా.

మర్నాడు పొద్దున్నే గొడుగు వేసుకుని కమరుద్దీన్ సేఠ్ దుకాణానికి వెళ్లింది. అద్దాలు, గోడకి తగిలించే పింగాణీ పళ్లేలు, హిందుస్తాను నుంచి ఓడల మీద దిగిన మంచాలు, అన్నీ అతని దగ్గరే. ఫైదా ఏ మంచం మీదా కూర్చోలేదు. గొడుగు పక్కన పెట్టి, ఒక్కో మంచం కిందికి దూరి వెల్లకిలా పడుకుంది.

సేఠ్ వంగి చూశాడు. "ఏవమ్మా, కొనేవాళ్లు పైన కూర్చుని చూస్తారు. కింద నీకేం కనిపిస్తుంది?"

"అబద్ధాలు కనిపిస్తాయి సేఠ్. ఈ కోడుకి అతుకుంది, పైన రంగేసి కప్పేశావు. దానికి చీలలు కొత్తవి, కర్ర పచ్చిది. ఇదిగో, ఇది బావుంది. ఇంటికి పంపించు, చూసి చెప్తాను."

సేఠ్ నవ్వేశాడు. రాతిమేడల బీబీలు దుకాణాలకి రారు. సరుకే వాళ్ల ఇంటికి వెళ్తుంది, తెరచాటు నుంచి చూసి నచ్చింది ఉంచుకుని మిగతాది తిప్పి పంపిస్తారు. ఆ మర్యాద అవతలిగట్టుకి ఎవరిస్తారు? మనవాళ్లు కొన్నది నెత్తిన పెట్టుకుని పోవాల్సిందే.

"అది బీబీలకమ్మా."

"బీబీలు పెళ్లికి మంచం ఏ కొట్లో కొనాలని ఎవర్నడుగుతారో తెలుసా? తల నా ఒళ్లో పెట్టుకుని నన్నడుగుతారు. ఈసారి అడిగితే ఆ అతుకు కోడు సంగతి చెప్పనా, ఇంటికి పంపించిన మర్యాద సంగతి చెప్పనా?"

సేఠ్ గడ్డం గోక్కున్నాడు. తర్వాత కూలీల్ని కేకేశాడు. డబ్బెక్కడిదని అడక్కండి. పదిహేనేళ్లలో ఆమె వేళ్లు ఒక్కరోజైనా గోరింటాకు ఎరుపు వదల్లేదు.

ఇక్కడే ఫైదా ఒక పొరపాటు చేసింది. ఆ పొరపాటు నేనైనా చేసేదాన్నే. మంచం విప్పి తీసుకెళ్తామని కూలీలంటే వద్దంది. "కట్టెలమోపులా తీసుకెళ్తే ఎవరు చూస్తారు? బిగించే తేవాలి." దారిలో ఊగకుండా వడ్రంగి చీలలన్నీ బంక రాసి గట్టిగా దిగ్గొట్టాడు. ఎనిమిదిమంది మోశారు. ముందు గొడుగుతో ఫైదా, వెనక ఎండకి తళతళలాడుతూ మంచం. చేపల బజారు ఆగిపోయి చూసింది. వంతెన పక్కనున్న బీబీ షంసా ఇంటి కిటికీ కింద ఆమె కావాలనే నిమ్మళంగా నడిచింది.

ఇంటి ముందుకొచ్చాక తెలిసింది. తలుపులోంచి మంచం పట్టదు. అడ్డంగా పెట్టారు, నిలువుగా పెట్టారు, పక్కకి వంచారు. చీల ఊడదీద్దామంటే కోడు చీలేట్టుంది. పెళ్లి రేపు. పేటంతా గుమిగూడింది. జాఫరాని ఎక్కడినుంచి వచ్చిందో, ముందు వరుసలో ఉంది.

"వీధిలోనే చేస్తావేవిటే పెళ్లి? మొండికెత్తకు, సరేనను. సాయంత్రానికి బీబీగారి మంచం విప్పి పంపించేస్తారు. అది నీ తలుపులో పడుతుంది."

జుహూరా గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. "అమ్మా, పోనీలే. ఒక్కరోజేగా."

ఫైదాకి ఒళ్లు మండిపోయింది. "ఒక్కరోజని నాకూ చెప్పారు, నన్నమ్మిన రోజున" అంది. పాంకోళ్లు విప్పింది, పక్కింటి గునపం అందుకుంది. తలుపు పక్క గోడ మీద మొదటి దెబ్బ పడగానే ఎండిన మట్టి గుప్పుమని లేచింది. కూలీలు నోళ్లు వెళ్లబెట్టారు. "గోడ నాది. నేను కట్టాను, నేను కొడతాను, మళ్లీ నేనే మెత్తుతాను. మీరు మంచం పట్టుకోండి" అంది. పక్కింటివాళ్లు ఒకరొకరుగా వచ్చి గోడలోని వెదురు తడికలు లాగేశారు. పొద్దువాలకముందే మంచం లోపలుంది.

మర్నాడు గోడ స్థానంలో ఆడవాళ్లు చుట్టుకునే రంగుల కంగా బట్టలు రెండు వేలాడదీశారు. గాలికి అవి లేచినప్పుడల్లా వీధిలో పోయేవాళ్లక్కూడా పెళ్లికూతురు కనిపించేది. ఏ రాతిమేడ పిల్లనీ అంతమంది చూసి ఉండరు.

మధ్యాహ్నం బీబీ షంసా వచ్చింది, పిలవకుండానే. వాసన నూనెలు, నల్ల ముసుగు, వెనక జాఫరాని. ఆమె పాంకోళ్ల చప్పుడు వినగానే చాప మీదున్న ఆడవాళ్లు అలవాటుగా లేచి నిలబడ్డారు. ఫైదా మంచం మీద కూతురి పక్కన కూర్చునుంది. లేవలేదు.

పెళ్లికొడుకు తల్లి సలామా మర్యాదకి అడిగింది. "మీ ఇంట పుట్టిన పిల్లేనా బీబీ?"

బీబీ నోరు తెరిచేలోపు ఫైదా అంది. "నా బిడ్డ. ఈ మంచం మీద పుట్టలేదు గాని, ఎవరి మంచం కిందా పుట్టలేదు."

బీబీ షంసా ఎక్కడ కూర్చోవాలో వెతుక్కుంది. తలాపి దగ్గర చోటు లేదు. మిగిలింది చాప.

ఫైదా కూతుర్ని కొంచెం జరగమని, తన పక్కన పరుపు మీద చేత్తో తట్టింది. "ఇలా రండి బీబీ. చోటుంది."

పోతుందనుకున్నాం. పోలేదు. పీట మీద కాలు పెట్టి నెమ్మదిగా ఎక్కి కూర్చుంది. మంచం ఎత్తుగదా, ముగ్గురి కాళ్లూ నేలకి అందలేదు. జుహూరావి, ఫైదావి, బీబీవి, గోరింటాకు పెట్టిన ఆరు పాదాలూ ఒకే ఎత్తున వేలాడాయి. కాసేపటికి బీబీ పిల్ల చేతులు పట్టుకుని చూసి, ఎవరినీ ఉద్దేశించకుండా అంది.

"ఫైదా కూతురు. బావుంది."

పెళ్లయ్యాక ఫైదా ఆ గోడని పూడ్చలేదు. అక్కడ రెండు రెక్కల తలుపు పెట్టించింది. జడ వేయించుకోవాలంటే రాతిమేడల వాళ్లు ఆ తలుపులోంచే లోపలికి రావాలి.