నోట్లో వేసుకోని గింజ

కళ్యాణదుర్గం నుంచి వస్తున్న బస్సులో పోటీ పరీక్ష పుస్తకం తెరిచి, 'స్పర్న్' అనే ఇంగ్లీషు మాట దగ్గర ఆగాను. పక్క సీట్లో ఒక పెద్దాయన వేరుశనగ మూటను కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం సదువుతాండావు పాపా?"

"ఒక మాటకు అర్థం. ఈసడించి వద్దనడమట. వెనకటికి కాలితో తన్నడమనే అర్థం ఉండేదట."

ఆయన కిటికీలోంచి బీడు చేలు చూశాడు.

"వద్దనేది వేరేలే పాపా. సరుకు చూసేటోడు ఎవురైనా కాయ ఒలిచి, నమిలి చూసి చెప్తాడు. ఈ పొద్దు అమ్ముదామని అంగడికి పోతే షావుకారి నా గింజ నోట్లో ఎయ్యకుండానే కింద పడేసి, చెప్పుతో అవతలికి నెట్టినాడు. అది చూసినాంక ఇంకో అంగడికి పోబుద్ధి కాలేదు."

మూట విప్పి, ఒక కాయ ఒలిచి నా అరచేతిలో పెట్టాడు. వానల్లేక గింజ సన్నబడి ముడతలు పడింది. నోట్లో వేసుకున్నాను. తియ్యగానే ఉంది.

నేను నమిలి మింగేదాకా ఆయన నా నోటివైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాతే మూటకు ముడి వేశాడు.