హవ్వత్త ఆశ్చర్యపోని వారం

మా మేనత్త ఆశ్చర్యపోతుంది. కొందరు బట్టలు కుడతారు, కొందరు బస్సు తోలతారు, మా అత్త ఆశ్చర్యపోతుంది. కుళాయి తిప్పితే నీళ్లొచ్చాయంటే "హవ్వ!" అంటుంది. రాలేదంటే ఇంకా గట్టిగా "హవ్వ!" అంటుంది. నిన్న బుధవారమని తెలిసి కూడా, ఇవాళ గురువారమని ఎవరైనా చెబితే నోటిమీద చెయ్యేసుకుంటుంది. మా వీధి వీధంతా ఆవిణ్ణి హవ్వత్త అనే పిలుస్తారు. అసలు పేరు ఆవిడే మర్చిపోయి ఉంటుంది. గుర్తుచేస్తే దానికీ ఆశ్చర్యపోతుంది.

ఆ హవ్వల్లో మూడు రకాలున్నాయి. మామూలు రకానికి నోటిమీద చెయ్యి. రెండో రకానికి గుండెమీద చెయ్యి, వీపుకి గోడ. మూడోది కూలబడే రకం. ఎక్కడ నిలబడి ఉంటే అక్కడే కూర్చుండిపోతుంది, కింద ఏముందో చూసుకోదు. ఒకసారి బస్సులో, కొత్త వంతెన తెరిచారని ఎవరో అంటే విని, డ్రైవర్ పక్కనున్న ఇంజన్ పెట్టెమీద కూలబడింది. కూలబడినంత వేగంగానే లేచింది. ఆ బస్సు తోలేది మా ఆయనే కాబట్టి, అది నాలుగో రకమని ఆయన ఇప్పటికీ వాదిస్తాడు.

ఒక్కటే నాకు అంతుపట్టేది కాదు. ఒకరోజు ఇంట్లో మెషిన్ మీద కుడుతూ గుడ్డతోపాటు నా చూపుడువేలినీ కుట్టేశాను. సూది గోట్లోంచి దిగి అటువైపు తేలింది. అంత నొప్పిలోనూ, ఇప్పుడొస్తుంది చూడు మూడో రకం హవ్వ అనుకున్నాను. రాలేదు. అత్త కిక్కురుమనకుండా స్విచ్ ఆపి, చక్రం తిప్పి సూది పైకి లేపి, వేలికి గుడ్డ చుట్టి, నన్ను ఆసుపత్రికి నడిపించింది. తిరిగొచ్చేసరికి పొయ్యిమీద పాలు విరిగిపోయి ఉన్నాయి.

"హవ్వ! పాలు విరిగిపోయాయే!" అంది గుండెమీద చెయ్యేసుకుని.

అంటే నా వేలు పాలకంటే లోకువన్నమాట. నాలుగు రోజులు అలిగాను.

సరే, అసలు సంగతి మా బుడ్డోడిది. వాడికి మూడేళ్లు నిండబోతున్నాయి, అయినా ఉచ్చకీ దొడ్డికీ పాటీమీద కూర్చోడు. ఆ పాటీ పచ్చగా, ముందు బాతు తలకాయతో ఎంతో ముద్దుగా ఉంటుంది. వాడు దాన్ని నెత్తిన పెట్టుకుంటాడు, బోర్లించి డప్పు కొడతాడు, అందులో బొమ్మల్ని కూర్చోబెడతాడు. వాడు మాత్రం కూర్చోడు.

ఇంకో వారంలో, పై సోమవారం నుంచి, నేను చొక్కాల ఫ్యాక్టరీలో పనికి వెళ్లాలి. ఆ సోమవారం రాకపోతే కాలర్ల మెషిన్ ఇంకొకరికి ఇచ్చేస్తానని సూపర్‌వైజర్ చెప్పేశాడు. మా ఆయనకి పొద్దున్నే డ్యూటీ. అత్తకి బడి వంటగదిలో పని, సెలవులైపోయి ఆ సోమవారమే బడి తెరుస్తారు. ఫ్యాక్టరీలో పిల్లల గది ఉంది గానీ, అక్కడి ఆయా రాతిబొమ్మ లాంటి మనిషి.

"ముప్పైమంది పిల్లలు తల్లీ నాకు. పాటీమీద కూర్చునేవాడైతేనే లోపలికి," అంది. "శుక్రవారం తీసుకొచ్చి నా కళ్లముందు కూర్చోబెట్టు. కూర్చోలేదంటే ఇంటికే."

బుడ్డోడు చూస్తే, పాటీలో తప్ప అన్నిట్లోనూ పోస్తున్నాడు. మా ఆయన డ్యూటీ షూలో పోశాడు. "హవ్వ!" నా కాలర్ల బుట్టలో పోశాడు. "హవ్వ! హవ్వ!" ఆదివారం కింది వాటాలో ఉండే గడియారాల మెకానిక్ మా గోడ గడియారం బాగుచేయడానికొచ్చి, హెల్మెట్ తీసి గుమ్మం పక్కన పెట్టాడు. ఆయన గడియారం దించి ఎక్కించేలోపు మావాడు హెల్మెట్‌లో కుదురుగా కూర్చుని, ఉచ్చా కక్కా రెండు పనులూ ముగించాడు. పాపం ఆ మనిషి చూసుకోకుండా హెల్మెట్ చేతిలోకి తీసుకుని, "ఇదేంటి బరువెక్కింది?" అన్నాడు.

అత్త మూడో రకం హవ్వతో చెప్పుల స్టాండు మీద కూలబడింది. స్టాండు విరిగింది.

నేను సిగ్గుతో చచ్చిపోతూ బుడ్డోడి వైపు చూశాను. వాడు హెల్మెట్ వైపు చూడట్లేదు, నా వైపు చూడట్లేదు. విరిగిన చెక్కల మధ్య కూర్చున్న అత్త మొహంలోకి చూస్తూ చప్పట్లు కొడుతున్నాడు. అప్పుడు వెలిగింది నాకు.

"అత్తా, ఇదంతా నీ వల్లే!"

"హవ్వ! నా వల్లా?"

"ఇదిగో, ఇదే! వాడికి నీ హవ్వ కావాలి. దానికోసమే ఇల్లంతా తడుపుతున్నాడు. ఇవాళ్టినుంచి వాడు తప్పుచోట పోస్తే నువ్వు ఆశ్చర్యపోకూడదు."

"మరి పాటీలో పోస్తే?"

"అప్పుడు నీ ఇష్టం."

"అంటే ఈ వారమంతా నోరు కట్టేసుకోమనే," అన్నాడు మా ఆయన షూ కడుక్కుంటూ.

సోమవారం పొద్దున బుడ్డోడు ఇస్త్రీ చొక్కాల మీద పోసి, అత్త వైపు తిరిగి నిలబడ్డాడు. అత్త మొహం ఎర్రబడింది, మెడ నరాలు లేచాయి.

"అలాగా," అంది.

అని, బఠాణీలు వలుస్తూ గింజలు పారేసి తొక్కలు గిన్నెలో వేసింది. తర్వాత లేచి స్నానాలగదిలోకి వెళ్లి, తలుపేసుకుని, కుళాయి తిప్పి, ఖాళీ బక్కెట్లో తలపెట్టి మూడు హవ్వలు అంది. కిందనుంచి గడియారాల ఆయన కేకేశాడు.

"అమ్మా, మీ గొట్టాల్లో ఎవరో ఇరుక్కున్నారు!"

బుడ్డోడు ఊరుకునే రకమా? మంగళవారం కిటికీ ఎక్కి వీధిలోకి పోశాడు. గడియారాల ఆయన అప్పుడే బయటికొచ్చి ఆకాశంవైపు చూసి, "మబ్బు లేకుండా వానేంటి!" అన్నాడు. అత్త తువ్వాలు నోట్లో కుక్కుకుని, "అలాగా" అందామనుకుంది గానీ, వచ్చింది మాత్రం ఆవు అరుపు.

బుధవారానికి వాడు డీలాపడిపోయాడు. ఎక్కడ పోసినా చూసేవాళ్లు లేనప్పుడు పోయడమెందుకనుకున్నాడో ఏమో, అసలు మానేశాడు. కాళ్లు ముడుచుకుని, పెదాలు బిగించి, మధ్యాహ్నందాకా బిగబట్టాడు. పొట్ట తడిమితే గట్టిగా తగిలింది. నాకు భయమేసింది.

"అత్తా, నా ఉద్యోగం పోతే పోయింది. ఒక్క హవ్వ అనెయ్యవే!"

"అననుగాక అనను. అంటే మళ్లీ మొదటికొస్తుంది," అంది అత్త. అని వాడి పక్కన నేలమీద చతికిలపడి, పాటీని గోడవైపు జరిపింది. "ఒరేయ్ డ్రైవరూ, మీ నాన్న బస్సు తీశావా? నన్ను ఎక్కించుకుంటావా?"

బుడ్డోడు ఆలోచించాడు. బస్సంటే వాడికి ప్రాణం. పాటీమీద ఎక్కి కూర్చుని బాతు తలని స్టీరింగులా పట్టుకున్నాడు. "డుర్ర్ర్" అన్నాడు. బస్సు రెండు మలుపులు తిరిగిందో లేదో, ప్లాస్టిక్ మీద టపటపమని చప్పుడైంది. వాడే ఉలిక్కిపడి, బస్సు ఆపి, కిందికి తొంగిచూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా తలెత్తి అత్త వైపు చూశాడు.

మూడు రోజులుగా దాచుకున్న హవ్వలన్నీ ఒక్కసారే వచ్చాయి. నోటిమీద చెయ్యి, గుండెమీద చెయ్యి, వెల్లకిలా పడిపోవడం. కింది వాటావాళ్లు, పక్క వాటావాళ్లు ఎవరో పోయారనుకుని పరిగెత్తుకొచ్చారు. గడియారాల ఆయన కొత్త హెల్మెట్ వీపు వెనక దాచుకుని మరీ వచ్చాడు. అత్త ఒక్కొక్కళ్లనీ పాటీ దగ్గరికి లాక్కెళ్లింది.

"చూడండి! ఎంత పోశాడో చూడండి! మీ జన్మలో చూశారా ఇంత ఉచ్చ?"

"చూళ్లేదమ్మా," అన్నాడు గడియారాల ఆయన, ఎందుకైనా మంచిదని.

ఆ సాయంత్రంలోపు వాడు పాటీమీదికి పదకొండుసార్లు వెళ్లాడు. ఆఖరి నాలుగుసార్లూ ఏమీ రాలేదు, అయినా అత్త ఆశ్చర్యపోయింది.

శుక్రవారం ముగ్గురం ఫ్యాక్టరీకి వెళ్లాం. బుడ్డోడు పిల్లల గదిలో పాటీమీద కూర్చున్నాడు, పని కానిచ్చాడు, ఆయా మొహంలోకి చూశాడు.

"ఊఁ," అంది ఆయా, ఇంకో పిల్లకి జడేస్తూ.

వాడు ఆగాడు. ఆవిడకి కనపడలేదేమోనని పాటీని రెండు చేతులా ఎత్తి ఆవిడ ముక్కుకిందికి తీసుకెళ్లాడు.

"చూశాన్లే, అక్కడ పెట్టు."

వాడి కింది పెదవి వంకర తిరిగింది. వాడి కళ్లు పక్కనున్న ఆయా చెప్పులమీద పడ్డాయి. అయిపోయింది, సోమవారం నుంచి ఈ గదిలో ఏ చెప్పూ పొడిగా ఉండదు.

అత్త ముందుకొచ్చింది. "అమ్మా, వాడికోసం ఒక్కసారి హవ్వ అనండి."

"ఏంటీ? ముప్పైమందికి ముప్పైసార్లు హవ్వ అంటే నా గుండె ఉంటుందా?"

"నాది ఉంది కదమ్మా. ఇదుందే, నా మేనకోడలు, దీనికి ఐదేళ్లొచ్చినా నోట మాట లేదు. మూగదనే అనుకున్నారంతా. ఒకరోజు కిటికీలోంచి వేలు చూపించి 'పిల్లి' అంది. రోజూ వీధిలో తిరిగే పిల్లే. నేను హవ్వ అని కూలబడ్డాను. ఇది నవ్వింది. మర్నాడు 'రెండు పిల్లి' అంది. మళ్లీ కూలబడ్డాను. మానేస్తే ఇది మళ్లీ నోరు మూసుకుంటుందేమోనని భయమమ్మా. అందుకే మానలేదు."

ఆయా జడ వదిలేసి నన్ను ఎగాదిగా చూసింది. "ఈవిడా మూగది? గేటు దగ్గర్నుంచి ఇక్కడిదాకా ఊపిరి తీసుకోకుండా వాగిందే!"

"అత్తా, మరి కుళాయి నీళ్లకి? గురువారానికి?" అన్నాను.

"అందరూ ఏదో ఒకటి చెబుతారు కదే. నీ ఒక్కదానికే హవ్వ అని మిగతావాళ్లకి అనకపోతే వాళ్లు చిన్నబుచ్చుకోరూ?"

"మరి నా వేలు?"

అత్త ఆ వేలు పట్టుకుని చూసింది. గోటిమీద మచ్చ ఇంకా ఉంది. "పిచ్చిమొహమా, నిజంగా గుండె ఆగినప్పుడు హవ్వ ఎక్కణ్ణుంచి వస్తుందే? నోరు లేస్తేగా!"

నాకు మాట రాలేదు. పిల్లి తర్వాత మళ్లీ అదే మొదటిసారి.

ఆయా గొంతు సవరించుకుంది. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసింది. "హ... వ్వ," అంది. ఏళ్లతరబడి వాడని మోటారు తిప్పినట్టు వచ్చింది. బుడ్డోడు కాసేపు ఆలోచించి, ఫర్వాలేదనుకున్నాడు కాబోలు, చెప్పుల జోలికి పోకుండా మళ్లీ వెళ్లి పాటీమీద కూర్చున్నాడు.

సోమవారం నా కాలర్ల మెషిన్ నాకే దక్కింది. మధ్యాహ్నం పిల్లల గదికి పరిగెత్తాను. తొమ్మిది పాటీలమీద తొమ్మిదిమంది కూర్చుని ఉన్నారు, మిగతావాళ్లు వరసలో తోసుకుంటున్నారు. మధ్యలో ఆయా, నోటిమీద చెయ్యి, మాట పైకి రావట్లేదు.

సాయంత్రం గుమ్మంలోంచే కేకేశాను. "అత్తా, తెలుసా! ఆయాకి గొంతు పోయింది!"

"హవ్వ!" అంది అత్త, వంటగదిలోంచి గరిటెతో సహా వచ్చి గుండెమీద చెయ్యేసుకుని.

ఉత్తుత్తి హవ్వేనని ఇప్పుడు నాకు తెలుసు. అయినా చెప్పులు విప్పకుండానే రెండో సంగతి మొదలుపెట్టాను.