మా అక్క బొడ్లె సంచి

మా అక్క పోయింది. అక్కంటే తోడబుట్టింది కాదు, మా ఆయన అన్న పెండ్లాం, నాకు పెద్ద తోడికోడలు. బూర్గంపాడు కాడ మిర్చి కల్లంల కూసున్నది కూసున్నట్టే ఒరిగిందని పొద్దుగాల కబురొచ్చింది. నాకు సదువు రాదు, చెప్తుంటె రాస్తున్నరు. ఎవలికి కోపమొచ్చినా ఉన్నదున్నట్టే రాయమన్న.

అక్కకు బొడ్లె ఒక సంచి ఉండేది. పాత రైక ముక్కతోని తనే కుట్టుకున్నది. తాళ్లు గుంజితే మూతి ముడుసుకునేది. వక్కాకు తీసినా అటు తిరిగే తీసేది. "ఏమున్నదే అండ్ల?" అని మా బావ ఓసారి అడిగిండు. "నీ అంగి జేబుల ఏమున్నదని నేనెన్నడన్న అడిగిన్నా?" అన్నది. మళ్ల అడగలే. నేను కాపురానికొచ్చిన కొత్తల నాకూ ఒకటి కుట్టిచ్చింది. "ఇది నీది చెల్లె. నేను కూడ ముట్ట" అన్నది. ఆ ఇంట్ల నాది అని నాకు ఇచ్చింది ఆమె ఒక్కతే.

ఇప్పటి పర్సులు చూస్తే ఒళ్లు మండుతది. చీరకొకటి, చెప్పులకొకటి. ఒక పెండ్లికి అక్క కోడలు అరచేతంత మెరుపుల పర్సు పట్టుకొచ్చింది. దాంట్ల ఫోను పట్టదట! "ఒక చేతుల పర్సు, ఒక చేతుల ఫోను. ఇగ అక్షింతలు ఏ చేతితోని ఏస్తవే?" అని అక్క అంటే పందిరంత నవ్వింది. మామూలు రోజుల్ల భుజానికి గోతమంత ఇంకోటి. అండ్ల మొగుని బండి తాళం, నీళ్ల సీసా, పిల్లల బిస్కట్లు. థూ! దానికి ఫ్యాషనని పేరు. "ఆడదాని సంచిల ఇంటిల్లిపాది చేతులేంది చెల్లె?" అనేది అక్క.

శవానికి తానం పోసేటప్పుడు ఆమె కొడుకొచ్చిండు. "చిన్నమ్మా, ఆ సంచి ఇప్పు. బంగారం గింగారం ఉంటదేమో."

"మీ నాయనకే చూపలేదు, నీకు చూపుతదారా? జరుగు!" అన్న.

పెద్దమనుషులు కూడ వానికే వంత పాడిండ్రు. నేను ఇనలే. కొత్త చీర లోపట, బొడ్లెనే, ముడి మీద ముడేసి కట్టిన. గోదారి ఒడ్డున అక్కతోనే కాలింది. ముసల్దానికి పిచ్చి లేసిందంటున్నరు. అననీ.

తానాలు చేసి వస్తుంటె కోడలు నా ముందట నడుస్తున్నది, భుజాన ఆ గోతం. మొగుడు ఎనక నుంచొచ్చి, మాటన్న అడగకుండ జిప్పు గుంజి, తడి తువ్వాల అండ్ల కుక్కి ముందుకు పోయిండు. ఆమె ఒక పక్కకు ఒరిగి నడుస్తనే ఉన్నది. నోరు తెరిచిన పర్సుల నుంచి దారి పొడుగూత నీళ్లు కారుతనే ఉన్నయి.