నలభయ్యో గడి

మా పెద్దసారు పోయారని మంగళవారం వాళ్ళ కోడలు ఫోన్ చేసింది. "మామ పొద్దుగాల్ల పోయిన్రు మేడం, దవాఖానలనే" అంది. ఆయన స్టీలు గ్లాసు నా బ్యాగులో ఉంది.

ఆబిడ్స్‌లో ఒక సందులో, రెండో అంతస్తులో మా ఆఫీసు. సర్కారు బళ్ళలో తాగునీళ్ళు పెట్టించే చిన్న సంస్థ. ఏ బడిలో పని ఎంతవరకు వచ్చింది, ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది చూడడం సారు పని. ఆయన చెప్పింది రాసుకోవడం నా పని. గోడకు పెద్ద చార్టు అంటించి నలభై గడులు గీశారు, బడికొకటి. ట్యాంకు ఎక్కిస్తే పావు గడికి ఆకుపచ్చ రంగు, పైపు వేస్తే సగానికి, నల్లా బిగిస్తే ముప్పావుకి. చివరి పావు మాత్రం అంత తేలిగ్గా నిండేది కాదు. సారు స్వయంగా ఆ బడికి వెళ్ళి, సంచిలోంచి గ్లాసు తీసి, నల్లా తిప్పి, నీళ్ళు పట్టుకుని తాగి రావాలి.

కొత్తలో నాకు ఒళ్ళు మండేది. "కాంట్రాక్టరు ఫోటో పంపాడు కదా సార్, కుళాయి కనిపిస్తూనే ఉంది" అనేదాన్ని.

"నల్లా కనవడ్తది బిడ్డా, నీళ్ళు కనవడ్తయా? కాయితం తాగితే దూప తీరుతదా?" అని నవ్వేవారు.

ఒకసారి కాచిగూడ దగ్గర ఒక బడిలో తాగి వచ్చి రెండు రోజులు కడుపు పట్టుకుని పడుకున్నారు. లేచి వచ్చి ఆ గడిలో రంగు రబ్బరుతో చెరిపేశారు. ట్యాంకు కడిగించి, మళ్ళీ వెళ్ళి తాగారు! అంత మొండి మనిషిని నేనింకా చూడలేదు. ఖర్చు పూర్తయింది కదా, ఆ బడి లెక్క మూసేద్దామంటే కస్సుమనేవారు. "పైసలు ఐపోవుడు వేరే, పని ఐపోవుడు వేరే."

ఈ మధ్య అంతా కంప్యూటర్‌లోకి మారింది. అందులో ముప్పావు లేదు. అయింది, కాలేదు, రెండే. సారు అప్పటికే దవాఖానలో చేరారు. నలభయ్యో బడి నాంపల్లి స్టేషన్ వెనక ఉంది. నల్లా బిగించారు గాని, నీళ్ళు పైకి ఎక్కించే మోటారు రాలేదు. ఏడాది లెక్కలు ముగిసే రోజు మేనేజరు వచ్చి నా కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"మోటారు ఎల్లుండి వస్తది మేడం. జర ఐందని టిక్కు కొట్టేయండి. లేకుంటే మిగతా బళ్ళ పైసలు సుత ఆగుతయ్."

కొట్టేశాను. ఎల్లుండి మోటారు రాలేదు. అయిందన్న పనికి డబ్బెవరిస్తారు? మోటారుకని మిగిలిన సొమ్ము వెనక్కి పోయింది. ఆ బడి లెక్క మళ్ళీ తెరవమని పైవాళ్ళకు మూడుసార్లు రాశాను. పూర్తయిన పనిని మార్చడానికి వీల్లేదని మూడుసార్లూ ఒకటే జవాబు.

చూడ్డానికి వెళితే సారు మొదట అడిగింది అదే. "నాంపల్లి బడిల నీళ్ళొచ్చినయా?"

సెలైన్ ఎక్కుతున్న ఆ చెయ్యి చూస్తూ నిజం చెప్పలేకపోయాను. "వచ్చాయి సార్" అన్నాను. ఆయన ముఖం విప్పారింది. కోడలి చేత సంచి తెప్పించి, గ్లాసు నా చేతిలో పెట్టారు.

"నేను పోలేను. నా బదులు నువ్ తాగు బిడ్డా. తాగినంకనే గడి నింపు."

నాలుగు రోజులకే ఆ ఫోన్ వచ్చింది.

మర్నాడు ఆ బడికి వెళ్ళాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను, నేను వెళితే మోటారు వస్తుందా? భోజనాల వేళ. పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాల్లో నీళ్ళు పొదుపుగా ఒక్కో గుక్కే తాగుతున్నారు. నల్లా తిప్పాను. కాస్త గాలి వచ్చింది, అంతే.

బడి ఊడ్చే ఆయమ్మ గ్లాసును గుర్తుపట్టింది. "పెద్దసారు గ్లాసు గదా? రెండుసార్లు వచ్చి ఉత్తగ్లాసు వట్కొని పోయిన్రు పాపం. సారు రాలేదా?"

చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, తన ఇంటి నుంచి మోసుకొచ్చిన సీసాలోంచి నిండా నీళ్ళు పోసింది.

"ఎండల వడి వచ్చినవ్. తాగమ్మా."

నిండు గ్లాసు పట్టుకుని ఆ నల్లా ముందు నిలబడిపోయాను. గొంతు ఎండిపోతోంది. తాగలేకపోయాను.