గడప తొక్కమన్న బాలమ్మ

1984 మార్చి 12, సోమవారం, ఉదయం పది గంటలు. మారిషస్‌లో ఉన్న చెల్లెలిని చూడడానికి కామాఠిపురాలో వరుస గదుల చాల్‌లోని మా అన్న గది నుంచి బయల్దేరాను. పక్కగది బాలమ్మ గుప్పెడు ఎర్రమట్టి మూటతో ఎదురొచ్చింది. ఆ దీవికి కూలికి వెళ్లిన ఆమె భర్త అక్కడే పోయాడు. సమాధి మీద సొంతూరి మట్టి వేయాలట. పాలమూరులో వాళ్ల ఊరు డ్యాం నీళ్లలో మునిగింది. మిగిలింది ఆ మట్టే.

“మట్టి, గింజలు తేవద్దని టికెట్‌తో ఇచ్చిన కాగితంలో ఉంది బాలమ్మా,” అన్నాను.

“నువ్వు కాగితాల మనిషివే అక్కా. పోనీ తియ్యి.”

లోపలికి వెళ్లి గడప అలికి పిలిచింది. గడప తొక్కకూడదంటాం మనం. ఆమె తొక్కమంది.

“తడి ఆరకముందే తొక్కు. ఆయన సమాధి కాడికి ఈ చెప్పులతోనే పో.”

తొక్కాను.

మర్నాడు దీవిలో దిగగానే అధికారి నా చెప్పులు తిప్పి చూశాడు. ఇరవై ఆరు గంటలైనా అడుగున ఎర్రమట్టి తడిగానే ఉంది. మూటలోని మట్టితోనే అలికిందని అప్పుడు తెలిసింది. పరాయి మట్టితో రోగాలు వస్తాయని చెప్పులను చెత్త కాల్చే కొలిమిలో వేశారు.

పదిహేనో రోజున తిరిగొచ్చాను. నేను నోరు తెరవకముందే బాలమ్మ అంది.

“కాలిపోయింది గదా అక్కా. ఆయన చెప్పిండు.”

పోయినవి: చాల్ దగ్గరి ఫోరస్ రోడ్‌లో కొన్న చెప్పులు ఒక జత, ఒక ఊరి చివరి గుప్పెడు మట్టి.